తీగ ఎంత లావుండాలి? ఎలక్ట్రిక్ గిటార్ ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాలు తెరిస్తే అన్నీ తీగల గోలే. "ఏ గేజ్ వేసుకోవాలండీ" అని (గేజ్ అంటే తీగ లావే) ఒక్క లైన్ రాసి వదిలేసినవాళ్ళే ఎక్కువ, గిటార్ ఏంటో చెప్పరు, ట్యూనింగ్ ఏంటో చెప్పరు, కాలి కొలత చెప్పకుండా చెప్పుల సైజు అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్తారు. కాస్త వివరంగా రాసినవి ఏరి ఇక్కడ పెట్టా, మిగతావాళ్ళకి కూడా వీటిల్లోనే ఎక్కడో ఒకచోట జవాబు దొరుకుద్ది.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ గిటార్ ఒకటి కొన్నా. దాని మీద ఏ తీగలున్నాయో అమ్మినాయనకే తెలీదంట. ప్యాకెట్ల మీద 9-42, 10-46 అని ఉంటాయి కదా, అసలు ఆ నంబర్లేంటి? నా గిటార్ మీదున్నవి ఏవో ఎలా కనుక్కోవాలి?

జవాబు: ఆ నంబర్ అంగుళంలో వెయ్యో వంతు లెక్కండీ. 10 అంటే 0.010 అంగుళం, అంటే పావు మిల్లీమీటర్ కంటే పిసరంత ఎక్కువ. ప్యాకెట్ మీద మొదటి నంబర్ అన్నిట్లోకి సన్న తీగది, రెండోది అన్నిట్లోకి లావు తీగది. మామూలు 10 సెట్ అంటే 10, 13, 17, 26, 36, 46. మామూలు 9 సెట్ అంటే 9, 11, 16, 24, 32, 42. మధ్య నంబర్లు కంపెనీని బట్టి ఒకటీ అరా మారతాయి, ప్యాకెట్ వెనక చూస్కోండి.

కంటితో చూసి 9కీ 10కీ తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు, అది మిల్లీమీటర్లో నలభయ్యో వంతు. డిజిటల్ కాలిపర్ ఉంటే మొదటి తీగా (అన్నిట్లోకి సన్నది) ఆరో తీగా (అన్నిట్లోకి లావుది) కొలవండి, కానీ ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) మీద కొలవొద్దు, పాత తీగ అడుగున ఫ్రెట్ తగిలి తగిలి చిన్న చిన్న నొక్కులు పడి ఉంటాయి, గోరుతో కింద నుంచి రాస్తే తెలుస్తది, అక్కడ కొలిస్తే తప్పొస్తది. నట్‌కీ ట్యూనింగ్ పెగ్‌కీ మధ్య ఉన్న ముక్క దగ్గర కొలవండి, నట్ అంటే నెక్ చివర తీగలు ఆనే గాట్ల పట్టీ, పెగ్ అంటే తీగ బిగించే మర. డడారియో కంపెనీ తీగలైతే చివర గుండ్లకి రంగులుంటాయి, ఆ రంగు అది ఎన్నో తీగో చెప్తుంది గానీ గేజ్ చెప్పదు, ఈ విషయంలో చాలామంది పొరబడతారు.

అసలు ఆ పాత తీగల గేజ్ తెలుసుకుని మాత్రం ఏం చేస్తారు? తీసి కొత్తవి వేయండి. ఫెండర్ కంపెనీ స్ట్రాట్ మోడళ్ళు ఫ్యాక్టరీ నుంచి ఎక్కువగా 9-42తో వస్తాయి, గిబ్సన్ లెస్ పాల్‌లు 10-46తో. మీ గిటార్ ఏ కోవదో చూసి అదే వేస్తే సెటప్ జోలికి పెద్దగా పోనక్కర్లేదు.

ప్రశ్న: ఏడాదిన్నర నుంచి వాయిస్తున్నా. మా బ్యాండ్‌లో సీనియర్ అన్న ఒకాయన "సన్న తీగలు పిల్లలాట రా, టోన్ కావాలంటే 11 వెయ్" అన్నాడు, వేశా. స్ట్రాట్ టైపు గిటార్, మామూలు ట్యూనింగే. సౌండ్ బాగానే ఉందనిపిస్తోంది గానీ తీగని పక్కకి నెట్టి స్వరం పెంచుదామని బెండ్ చేస్తే సగం దాకా వెళ్ళి ఆగిపోతోంది, వేళ్ళ చివర్లు మండిపోతున్నాయి. అలవాటయ్యేదాకా ఓర్చుకోవాలా, వెనక్కి పోవాలా?

జవాబు: వెనక్కి పోండి. ఇవాళే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేనూ ఇదే గోతిలో పడ్డా. నాకెవరూ చెప్పలేదు కూడా, నేనే బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13తో మొదలయ్యే సెట్ వాడేవాడని ఎక్కడో చదివి, మరీ 13 అంటే భయమేసి, 12 సెట్ తెచ్చి స్ట్రాట్ మీద ఎక్కించేశా. ఎక్కించగానే బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ వెనక భాగం లేచి కూర్చుంది, దాన్ని సరిచెయ్యడం అప్పట్లో నాకు రాదు, అలాగే రెండు నెలలు వాయించా. ఆ రెండు నెలల్లో నాకొచ్చిన కాస్త వైబ్రాటో కూడా పోయింది. వేలు తీగని ఊపుతోందా తీగ వేలిని ఊపుతోందా తెలిసేది కాదు. టోన్ మాత్రం, నిజం చెప్పాలంటే, రికార్డ్ చేసుకుని వింటే ముందుకీ తర్వాతకీ తేడా వెతుక్కోవాల్సి వచ్చింది.

స్టీవీ రే వాన్ గురించి చెప్పేవాళ్ళు సగం కథే చెప్తారు. ఆయన గిటార్ అర స్వరం కిందకి, అంటే E ఫ్లాట్‌కి ట్యూన్ చేసేవాడు. అలా దించితే టెన్షన్ పదకొండు శాతం దాకా తగ్గుద్ది. తగ్గినా సరే ఆ 13 తీగ మీద పదకొండు కిలోల లాగుడు ఉంటది, మామూలు ట్యూనింగ్‌లో 10 తీగ మీద ఉండేది ఏడున్నర కిలోల లోపే. ఆయన వేళ్ళ చర్మం ఊడొచ్చి సూపర్ గ్లూతో అంటించుకుని వాయించేవాడన్నది అందరికీ తెలిసిన ముచ్చటే. అంత మొండితనం, అంత బలమైన చేతులు ఉన్నాయి కాబట్టి ఆయనకి నప్పింది. అది ఆయన గొప్పతనం, ఆ సెట్ గొప్పతనం కాదు.

ఇక రెండో వైపు చూడండి. జీ జీ టాప్ బ్యాండ్ గిటారిస్టు బిల్లీ గిబ్బన్స్ 7తో మొదలయ్యే సెట్ వాడతాడు, ఆయన గిటార్ సౌండ్ పల్చగా ఉందని ఎవరన్నా అనగలరా? బీ.బీ. కింగ్ పేరు మీద వచ్చిన సెట్ 10తోనే మొదలవుద్ది, కింద తీగలు మాత్రం 54 దాకా లావు. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ సంగతి మరీనూ, 1965లో ఫ్యాక్టరీలో యాక్సిడెంట్ అయి కుడి చేతి రెండు వేళ్ళ చివర్లు తెగిపోయాయి, ఆయన ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ చేత్తోనే. వేళ్ళకి తొడుగులు తనే చేసుకుని, దొరికినంత సన్న తీగలు వేసుకుని, తర్వాత ట్యూనింగ్ కూడా కిందకి దించేశాడు. హెవీ మెటల్ సౌండ్ అని మనం అనేది పుట్టిందే అలా వదులు చేసిన సన్న తీగల్లోంచి.

ఇంకో సంగతి, 1960లకి ముందు ఎలక్ట్రిక్ గిటార్‌కి కూడా లావు తీగలే దొరికేవి, మూడో తీగకి కూడా పైన సన్న తీగతో చుట్టిన చుట్టు ఉండేది, దాన్ని బెండ్ చెయ్యడమంటే ఇనుప కడ్డీ వంచినట్టే. అందుకని గిటారిస్టులు ఏం చేసేవాళ్ళంటే బాంజో తీగ ఒకటి తెచ్చి మొదటి తీగగా వేసి, సెట్‌లో ఉన్న మొదటిదాన్ని రెండోదిగా, రెండోదాన్ని మూడోదిగా జరిపి, మిగిలిపోయిన ఆరోదాన్ని పారేసేవాళ్ళు. జేమ్స్ బర్టన్ లాంటివాళ్ళు వాయించింది బాంజో తీగల మీదే. ఎర్నీ బాల్ అనే ఆయన ఇది చూసి సన్న తీగల సెట్లు కట్టించి అమ్మాకే ఇవాళ మనం మామూలు 10 సెట్ అనేది వచ్చింది. మీ సీనియర్ అన్నకి ఈ సంగతి చెప్పండి, అంటే గొడవపెట్టుకోమని కాదు.

టోన్ మాటకొస్తే తేడా అసలు లేదని నేనన్ను. లావు తీగలో ఇనుము ఎక్కువ, తీగ ఊగుడుని సిగ్నల్‌గా మార్చే పికప్ ముందు ఎక్కువ ఇనుము ఊగితే సిగ్నల్ కాస్త ఎక్కువొస్తది, గట్టిగా కొట్టినా తీగ చెదరదు, రిథమ్ గట్టిగా వాయించేవాళ్ళకి అది హాయి. సన్న తీగ మీద అటాక్ కొంచెం పదునుగా, పల్చగా వినపడుద్ది. కానీ పికప్‌ని అర మిల్లీమీటర్ పైకి లేపినా, ఆంప్ మీద బేస్ నాబ్ కాస్త తిప్పినా వచ్చే మార్పు దాదాపు అంతే ఉంటది. నెప్పితో సగంలో ఆగిపోయిన బెండ్ మాత్రం ఏ నాబ్ తిప్పినా శ్రుతిలోకి రాదు.

బెండ్ గురించి ఒక్కటి, దీన్ని చాలామంది తప్పుగా అనుకుంటారు. సన్న తీగైతే తక్కువ దూరం నెట్టినా చాలు, లావుదైతే ఎక్కువ దూరం నెట్టాలి అనుకుంటారు. చుట్టు లేని తీగల్లో దూరం దాదాపు ఒకటే, ఒక పూర్తి స్వరం పైకి పోడానికి 9 తీగనీ 11 తీగనీ ఇంచుమించు ఒకే దూరం నెట్టాలి, మారేది బలం మాత్రమే. కాబట్టి ఇవాళ 9 మీద బెండ్ చెవికి సరిగ్గా పట్టుకుంటే రేపు 10కి మారినా మీ వేలికి ఆ దూరం గుర్తుంటది.

మీకు నా సలహా 9 సెట్. మరీ వదులనిపిస్తే 9.5-44 అని మధ్యస్తంగా దొరుకుతాయి, లేదా 10. ఏది వేసినా రెండు వారాలు ఉంచండి, మొదటి రోజు అన్నీ వింతగానే ఉంటాయి. వేలి చివర్లు మండటం మామూలే, కాయ కాస్తే పోద్ది, కానీ మణికట్టులోనో మోచేతిలోనో నెప్పి వస్తే దాన్ని ఓర్చుకోవద్దు, వాయించడం ఆపి తగ్గాకే మళ్ళీ ముట్టుకోండి.

ప్రశ్న: నా దగ్గర స్ట్రాట్ ఒకటి, లెస్ పాల్ ఒకటి ఉన్నాయి. రెండిటికీ ఒకే కంపెనీ 10 సెట్ ఒకేరోజు వేశా. లెస్ పాల్ మెత్తగా ఉంది, స్ట్రాట్ బిగువుగా ఉంది. నా భ్రమా?

జవాబు: భ్రమ కాదు, మీ వేళ్ళు కరెక్టే. నట్ నుంచి బ్రిడ్జ్ దాకా ఊగే తీగ పొడవుని స్కేల్ లెంగ్త్ అంటాం. ఫెండర్ వాళ్ళది 25.5 అంగుళాలు, గిబ్సన్ వాళ్ళది 24.75 అని చెప్తారు. ముప్పావు అంగుళమే కదా అనుకుంటాం గానీ టెన్షన్ పొడవుకి వర్గంలో మారుద్ది కాబట్టి లెస్ పాల్ మీద దాదాపు ఆరు శాతం తగ్గుద్ది. లెక్కలో చెప్పాలంటే స్ట్రాట్ మీద 10 తీగ 7.35 కిలోలు లాగితే లెస్ పాల్ మీద 6.9 లాగుద్ది.

"గిబ్సన్ మీద 10 అంటే ఫెండర్ మీద 9తో సమానం" అని ఒక మాట తిరుగుతుంటది, అది కొంచెం ఎక్కువ చెప్పడమే. ఫెండర్ మీద 9 తీగ లాగేది 5.9 కిలోలు, అంటే గిబ్సన్ మీద 10 ఇంకా దానికంటే కిలో బిగువే. లెక్క వేస్తే 9.7 దగ్గర తేలుద్ది. రెండూ చేతికి ఒకేలా ఉండాలంటే స్ట్రాట్‌కి 9.5, లెస్ పాల్‌కి 10 వేసి చూడండి, దాదాపు కుదురుద్ది. రెండూ వేరువేరుగా ఉంటేనే బాగుందంటారా, అలాగే వదిలెయ్యండి, తప్పేం లేదు.

ప్రశ్న: స్ట్రాట్ స్కేల్ గిటార్, 10-46. డ్రాప్ డీ (ఆరో తీగ ఒక్కదాన్నే E నుంచి డీ కి దించే ట్యూనింగ్) లో రిఫ్‌లు వాయిస్తుంటే ఆరో తీగ తాడులా ఊగుతోంది, గట్టిగా కొడితే మొదట నోట్ షార్ప్‌గా వచ్చి తర్వాత దిగుతోంది. డ్రాప్ సీ కి కూడా పోదామనుకుంటున్నా. మొత్తం 12 సెట్ వేసెయ్యనా?

జవాబు: డ్రాప్ డీ కోసం 12 ఎందుకండీ, మారింది ఒక్క తీగ, దానికి మిగతా అయిదింటినీ శిక్షించడమెందుకు. 46 తీగ E లో ఉన్నప్పుడు దాదాపు 8 కిలోలు లాగుద్ది, డీ కి దించగానే 6.3కి పడిపోద్ది, అందుకే ఆ ఊగుడు, ఆ షార్ప్‌గా మొదలవడం. అదే 52 తీగని డీ లో పెడితే మళ్ళీ 8 కిలోల దగ్గరికే వస్తది. 10-52 అని సెట్లు దొరుకుతాయి, పై మూడూ 10, 13, 17 అలాగే ఉంటాయి, కింద మూడూ 30, 42, 52. మీ సోలోలు చెడవు, రిఫ్‌లు బిగుస్తాయి. నాకైతే ఇంతకంటే తెలివైన సెట్ లేదనిపిస్తది, అందరూ అంటారులే గానీ నిజంగానే వాడి చెప్తున్నా.

డ్రాప్ సీ వేరే లెక్క. అక్కడ అన్నీ ఒక పూర్తి స్వరం దిగుతాయి, ఆరోది రెండు స్వరాలు. స్వరం దిగితే అయిదో వంతు టెన్షన్ పోద్ది. 11 తీగని డీ కి దించితే 7 కిలోల పైచిలుకు, అంటే మామూలు ట్యూనింగ్‌లో 10 తీగ కంటే కాస్త మెత్తగా, చేతికి బానే ఉంటది. ఆరోదానికి సీ లో 52 కూడా వదులే, 54 గానీ 56 గానీ కావాలి. కాబట్టి 11-54 లాంటిది చూడండి. 12-56 కూడా ఉంది కానీ దాంట్లో మూడో తీగ 24, బెండ్లు మర్చిపోవాల్సిందే.

ఒక షరతు. రోజుకోసారి డ్రాప్ సీ నుంచి మామూలు ట్యూనింగ్‌కీ అక్కణ్ణుంచి మళ్ళీ కిందకీ తిప్పుతానంటే ఏ గేజూ మీ మాట వినదు, నెక్ కూడా వినదు. అలాంటప్పుడు రెండో గిటారే దారి.

ప్రశ్న: ట్రెమొలో (బ్రిడ్జ్‌ని ఊపే కడ్డీ) ఉన్న గిటార్‌కి 9 తీసి 10 వేశా. బ్రిడ్జ్ వెనకవైపు లేచిపోయింది, తీగలు ఫ్రెట్ల నుంచి బాగా ఎత్తుకి వెళ్ళాయి, ఒక తీగ ట్యూన్ చేస్తే ఇంకోటి దిగిపోతోంది. పాడుచేశానా?

జవాబు: ఏం పాడవలేదు, కంగారు పడకండి. నేను 12 వేసినప్పుడు జరిగిందిదే, అప్పుడు ఎవరన్నా ఈ నాలుగు ముక్కలు చెప్పుంటే రెండు నెలలు మిగిలేవి.

ఫ్లోటింగ్ బ్రిడ్జ్ అంటే తాడు లాగుడు పోటీయే. ముందు నుంచి ఆరు తీగలు లాగుతుంటాయి, గిటార్ వెనక గుంటలో స్ప్రింగులు ఇటు లాగుతుంటాయి, రెండూ సమానమైతే బ్రిడ్జ్ నిలబడుద్ది. 9-42 సెట్ మొత్తం కలిపి 38, 39 కిలోలు లాగుద్ది, 10-46 అయితే 47. ఒక్కసారిగా ఎనిమిది కిలోలు అటు పెంచేశారు, ఇటు స్ప్రింగులు మాత్రం పాతవే, ఓడిపోక ఏం చేస్తాయి.

వెనక మూత తీయండి. స్ప్రింగులు తగిలించిన ఇనుప పట్టీ, దానికి రెండు పొడుగాటి స్క్రూలు కనపడతాయి. రెండిటినీ సమానంగా, అర చుట్టు చొప్పున బిగించండి, తిప్పగానే తీగలన్నీ షార్ప్ అవుతాయి, మళ్ళీ ట్యూన్ చెయ్యండి, బ్రిడ్జ్ ఎక్కడుందో చూడండి, ఇంకా లేచే ఉంటే ఇంకో అర చుట్టు. ఇలా మూడు నాలుగు సార్లు తిరగాలి, విసుగే. బ్రిడ్జ్ గిటార్ బాడీకి సమాంతరంగా వచ్చేదాకా మిగతా దేని జోలికీ పోవద్దు, ఎందుకంటే అది వంకరగా ఉన్నంతసేపూ మీరు కొలిచే ఆక్షన్ (ఫ్రెట్ల నుంచి తీగ ఎత్తు) గానీ ఇంటొనేషన్ (ఫ్రెట్ల దగ్గర నొక్కినప్పుడు శ్రుతి సరిపోవడం) గానీ అన్నీ అబద్ధాలే. స్క్రూలు పూర్తిగా లోపలికి వెళ్ళిపోయినా లేచే ఉందంటే ఇంకో స్ప్రింగు తగిలించాలి, అయిదు దాకా చోటుంటది.

తర్వాత నెక్. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలు, ఆఖరి ఫ్రెట్ దగ్గర ఒక వేలు పెట్టి ఆరో తీగని నొక్కి పట్టుకోండి, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ ఉంటే చాలు. ఎక్కువుంటే లావు తీగలు నెక్‌ని ముందుకి వంచాయన్నమాట, నెక్ లోపలుండే ట్రస్ రాడ్ పావు చుట్టు బిగించి, ట్యూన్ చేసి, ఒక రోజు ఆగి మళ్ళీ చూడండి. పావు చుట్టే సుమా. రాడ్ కదలట్లేదనిపిస్తే బలం చూపించకుండా తెలిసినవాళ్ళకి ఇచ్చెయ్యండి.

ఆఖర్న ఇంటొనేషన్. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని నొక్కకుండా ముట్టి హార్మొనిక్ కొట్టండి, అదే ఫ్రెట్ నొక్కి కొట్టండి, నొక్కింది షార్ప్ వస్తే బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే శాడిల్‌ని వెనక్కి జరపండి, ఫ్లాట్ వస్తే నెక్ వైపుకి.

వచ్చేసారి తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి తీసెయ్యకుండా ఒక్కోటే మార్చండి, లేదా బ్రిడ్జ్ కింద మడతపెట్టిన గుడ్డ ఒకటి ఇరికించి పెట్టుకోండి.

ఇంకోటి, 10 దాకా నట్ గాట్లు సాధారణంగా సరిపోతాయి, 11 దాటినా ఆరోది 52 అయినా ఇరుకవ్వచ్చు. ఎలా తెలుస్తదంటే పెగ్‌ని నెమ్మదిగా తిప్పుతుంటారు, ట్యూనర్ ముల్లు కదలదు, ఇంకాస్త తిప్పుతారు, కదలదు, ఇంకాస్త... "టిక్" మని చిన్న చప్పుడొచ్చి ముల్లు ఒక్కసారి అవతలికి దూకుద్ది. అప్పుడు తీగ గాట్లో పట్టేసినట్టే. పెన్సిల్ మొన గాట్లో రుద్దితే కొంతవరకు జారుద్ది, లేదంటే గాటు ఫైల్ చేయించాలి, అది చేతకానివాళ్ళు ముట్టుకోకూడదు, ఒకసారి లోతైతే మళ్ళీ పూడ్చలేం.

ప్రశ్న: 9 సెట్‌లో మొదటి తీగ వారానికోటి తెగుతోంది. 10కి మారితే ఆగుద్దా?

జవాబు: తెగిన ముక్క పారేశారా, ఉంచారా? ఎక్కడ తెగిందో చూడకుండా గేజ్ మార్చి లాభం లేదు. నమ్మబుద్ధి కాదు గానీ, చుట్టు లేని తీగల్లో లావుకీ తెగే శ్రుతికీ పెద్దగా సంబంధం లేదు. లావు తీగ ఎక్కువ బరువు మోస్తది, నిజమే, కానీ అదే శ్రుతికి రావడానికి దాన్ని అంతే ఎక్కువ లాగాలి, రెండూ చెల్లుకు చెల్లు. లావుది తుప్పునీ గీతల్నీ కాస్త ఎక్కువ రోజులు తట్టుకుంటదేమో, అంతే.

ప్రతిసారీ బ్రిడ్జ్ దగ్గరే తెగుతుంటే శాడిల్ మీద ఎక్కడో చిన్న కొస లేచుంటది. తీగ తీసేసి దూది పోగు ఒకటి ఆ శాడిల్ మీద నుంచి తీగ వెళ్ళే దారిలోనే మెల్లగా లాగండి. పోగు ఎక్కడ చిక్కుకుని ఆగిందో అదే మీ దొంగ. బాగా నున్నని ఎమెరీ కాగితం సన్నగా చుట్టి ఆ అంచు నాలుగుసార్లు రుద్ది, మళ్ళీ దూదితో చూడండి, జారిపోవాలి. పెగ్ దగ్గర తెగుతుంటే ఆ పోస్టు రంధ్రం అంచు అలాగే చూడండి. మధ్యలో, మీరు పిక్ కొట్టే చోట తెగుతుంటే మాత్రం తప్పు తీగది కాదు, చేతిది. అప్పుడు 10 వేసినా తెగుద్ది, కాకపోతే పది రోజులకి.

ప్రశ్న: 8-38 వేశా, సోలోలకి స్వర్గంలా ఉంది. కానీ ట్యూనర్‌లో అన్నీ కరెక్ట్‌గా ఉన్నా కార్డ్ పట్టుకుంటే అపశ్రుతి.

జవాబు: మీ ఎడమ చెయ్యి గిటార్‌ని పీకనొక్కుతోంది. 8 తీగకి ముట్టుకున్నంత బలం చాలు, మీరు పాత అలవాటుకొద్దీ లావు తీగని నొక్కినట్టు నొక్కుతుంటే తీగ ఫ్రెట్ దాటి చెక్క దాకా వంగి సాగుద్ది, సాగితే షార్ప్. మూడో తీగ అన్నిటికంటే ముందు బయటపెడుద్ది. ట్యూనర్ పెట్టుకుని మూడో తీగ రెండో ఫ్రెట్ దగ్గర నొక్కి, ముల్లు చూస్తూ మెల్లగా బలం పెంచండి, ఎంత దూరం పోతుందో మీరే చూస్తారు. ఫ్రెట్లు ఎత్తువైతే ఇంకా ఎక్కువ. సోలోలంత ఇష్టంగా ఉంటే 8 ఉంచుకుని చెయ్యి తేలిక చేసుకోండి, బ్యాండ్‌లో రిథమ్ మీదేనంటే 9కి వచ్చెయ్యండి.

ప్రశ్న: ఇంట్లో అకౌస్టిక్ గిటార్ సెట్ ఖాళీగా ఉంది, ఎలక్ట్రిక్‌కి వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. అకౌస్టిక్ లావు తీగల మీద చుట్టు కంచు, అయస్కాంతానికి అంటదు. పికప్‌కి లోపలి ఉక్కు తీగ ఒక్కటే కనపడుద్ది, అందుకని చుట్టున్నవి నీరసంగా, చుట్టు లేని రెండూ గట్టిగా అరుస్తాయి. పైగా అవి 11, 12తో మొదలై మూడోదానికి కూడా చుట్టుంటది. ఎలక్ట్రిక్‌కి నికెల్ పూతున్న ఉక్కు చుట్టువే వేసుకోండి.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్ళు. 22.75 అంగుళాల స్కేల్ ఉన్న చిన్న ఎలక్ట్రిక్ గిటార్ ఇప్పించాం. చిన్న వేళ్ళు కదా అని 8 సెట్ వేయించాం. ఇప్పుడు తీగలు గిటార్ మీద వేలాడుతున్నట్టున్నాయి, ప్రతి నోటూ బజ్. గిటారే మంచిది కాదా?

జవాబు: గిటార్‌ని తిట్టకండి, పైన లెస్ పాల్ ఆయనకి చెప్పిన లెక్కే ఇక్కడా. స్కేల్ అంత పొట్టిదైతే టెన్షన్ అయిదో వంతు దానంతట అదే తగ్గిపోద్ది, దాని మీద మళ్ళీ 8 వేస్తే తీగకి పట్టే ఉండదు, ఊగి ఊగి ఫ్రెట్లకి కొట్టుకుంటది. ఆ గిటార్‌కి 10 వేయండి. 22.75 మీద 10 తీగ లాగేది 5.9 కిలోలు, అంటే పెద్ద స్ట్రాట్ మీద 9 ఎంతో సరిగ్గా అంత. ప్యాకెట్ మీద నంబర్ చూసి పాప వేళ్ళు ఏమైపోతాయో అని భయపడకండి, తీగ ఆ పొడవులో మెత్తగానే ఉంటది.

వేశాక బజ్ పోయిందో లేదో చూడండి, పోకపోతే నెక్ వెనక్కి వంగుందేమో పైన చెప్పినట్టు సందు చూసుకోండి, అసలు సందే లేకపోతే ట్రస్ రాడ్ ఈసారి వదులు చెయ్యాలి, పావు చుట్టే. ఆక్షన్ మాత్రం బజ్ రాకుండా ఎంత కిందకి దిగితే అంత దించి పెట్టండి, పిల్లలకి గేజ్ కంటే అదే ఎక్కువ తేడా. ఒకట్రెండు నెలలయ్యాక తీగలు వదులుగా ఉన్నాయని తనే అంటే 11 చూద్దురుగానీ, అడక్కపోతే కదిలించకండి.